మూడు తోకల కార్డియోలిపిన్

ఒరేయ్ రవీ,

మొన్న ఫోన్‌లో సగంలో ఆగిపోయిన మాట, మగపిల్లల గుండెను దెబ్బతీసే బార్త్ సిండ్రోమ్ గురించి, పూర్తి చేద్దామని కూర్చున్నాను. నువ్విప్పుడు పిల్లల గుండె వార్డులో ఉన్నావు, ఈ సంగతి నీకు బాగా తెలిసి ఉండాలని నాకు గట్టిగా ఉంది. "టఫాజిన్ లేకపోతే కార్డియోలిపిన్ తయారవదన్నమాట" అన్నావు చూడు, అలా కాదురా. కార్డియోలిపిన్ అంటే కణాలకి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా లోపలి పొరలో ఉండే కొవ్వు పదార్థం, అది తయారవుతుంది. తయారయ్యాక దాన్ని సరిచేసే టఫాజిన్ అనే ఎంజైమే ఉండదు.

కణాల పొరలు కట్టే కొవ్వు అణువు, అంటే మామూలు ఫాస్ఫోలిపిడ్‌కి రెండు కొవ్వు తోకలుంటే కార్డియోలిపిన్‌కి నాలుగు. గుండె కండరంలో చాలావరకు ఆ నాలుగూ లినోలిక్ ఆమ్లం తోకలే అయి ఉండాలి, కానీ కొత్తగా తయారైనప్పుడు అలా ఉండవు. అందుకని ఒక తోక ఊడదీసి, పక్కనున్న ఇంకో ఫాస్ఫోలిపిడ్ నుంచి సరైన తోక తెచ్చి తగిలించాలి. టఫాజిన్ చేసే పని ఆ తగిలించడమే. అది ఆగిపోతే కార్డియోలిపిన్ తగ్గిపోతుంది, మూడు తోకలతో మిగిలిపోయిన మోనోలైసోకార్డియోలిపిన్ పేరుకుపోతుంది, మైటోకాండ్రియా లోపలి పొర మడతలు చెదిరిపోతాయి, అక్కడ కలిసికట్టుగా శక్తి తయారుచేసే ప్రోటీన్లు పట్టుతప్పిపోతాయి. గుండె ఒక్క క్షణం కూడా ఆగేది కాదు కదా, దెబ్బ ముందు దానికే.

ఇదే బార్త్ సిండ్రోమ్. 1983లో పీటర్ బార్త్ అనే డచ్ డాక్టర్, తరతరాలుగా మగపిల్లలు పసితనంలోనే పోతున్న ఒక కుటుంబం గురించి రాశాడు. జన్యువు 1996లో దొరికింది, ఎక్స్ క్రోమోజోమ్ మీద.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, పెద్దదైపోయిన గుండెను ఒక డాక్టర్ చూస్తాడు, మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్లను ఇంకొకరు చూస్తారు, బాబు ఎదగడం లేదని మరొకరు, మూడూ ఒకే ఎంజైమ్ లోపమని ఎవరికీ తట్టకుండా ఏళ్లు గడిచిపోతాయి. పైగా ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు, న్యూట్రోఫిల్స్, ఒకరోజు పడిపోయి ఇంకోరోజు మామూలుగా ఉండొచ్చు. ఒక్క రిపోర్ట్ బాగుందని వదిలెయ్యకు. ఈ జబ్బుకి గుర్తుగా మూత్రంలో వెతికే 3-మిథైల్‌గ్లుటాకోనిక్ ఆమ్లం కూడా అందరిలోనూ పెరగదు.

నమ్మదగ్గ పరీక్ష, మూడు తోకలదీ నాలుగు తోకలదీ నిష్పత్తి చూడటం. కార్డు మీద ఆరబెట్టిన రక్తపు చుక్క చాలు. ఆ పరీక్ష గ్రాఫ్ నేను దగ్గరగా చూశానురా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నేలకి అంటుకున్నట్టు ఉండే మూడు తోకల గీత, ఈ పిల్లల్లో నిటారుగా లేచి నిలబడుతుంది. తర్వాత జన్యు పరీక్షతో ఖాయం చేసుకోవచ్చు.

తెలిస్తే చెయ్యడానికి చాలా ఉంది. గుండెకి మందులున్నాయి, న్యూట్రోఫిల్స్‌కి జి-సి‌ఎస్‌ఎఫ్ అని, వాటిని పెంచే ఇంజెక్షన్ ఉంది, కొందరికి గుండె మార్పిడి కూడా చేశారు. 2025 సెప్టెంబర్‌లో అమెరికాలో ఎలామిప్రిటైడ్ అనే మందు‌కి, కనీసం 30 కిలోలున్నవాళ్ల కోసం, త్వరిత అనుమతి ఇచ్చారు. అది కార్డియోలిపిన్‌నే పట్టుకుంటుంది, కానీ పోయిన ఎంజైమ్‌ని తెచ్చిపెట్టదు. చిన్నపిల్లలు ఇంకా ఎదురుచూడాల్సిందే.

అందుకే, గుండె ఉబ్బిన మగబిడ్డ వస్తే తల్లిని కూర్చోబెట్టి నెమ్మదిగా అడుగు, ఆమె అన్నదమ్ములు గానీ మేనమామలు గానీ పసితనంలో ఎవరైనా పోయారా అని. ఆమెకి ఏ జబ్బూ కనిపించదు, అయినా జన్యువు మోస్తుంటే పుట్టే ప్రతి కొడుక్కీ సగం అవకాశం ఉంటుంది. అనుమానం వస్తే అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి, చుక్క ఎలా పంపాలో చెబుతాను.

నీ
శీను