అమ్మమ్మ మాటల కింద ఎర్రగీత వద్దు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష మాట్లాడే పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను.

మా ఐదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. ఏదైనా రాసేటప్పుడు ఎవరికీ కనబడకుండా పేజీని ఎడమచేత్తో కప్పుకొనేది. ఒకరోజు ఇంట్లోవాళ్ల గురించి కథ రాయమన్నాను, ఏ భాషలోనైనా సరేనన్నాను. తన కథ బడి భాషలో మొదలై, అమ్మమ్మ మాట్లాడే చోట ఇంటి భాషలోకి మారింది. ఎందుకని అడిగితే, "అమ్మమ్మకు ఈ భాష రాదు కదా టీచర్" అంది. కథలో ఎవరి నోట ఏ మాట రావాలో పదేళ్ల పిల్లకు తెలుసు! తను ఆ కథ చదువుతుంటే మిగతా పిల్లలు ఆపి ఆపి అర్థాలు అడిగారు. తను చెప్పడం, తరగతి వినడం అదే మొదలు. ఆ తర్వాత పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది.

మన మార్కుల పద్ధతిలో ఆ కథ తప్పుల కుప్ప. అలాంటి మాటల కింద ఒకప్పుడు నేనూ ఎర్రగీతలు గీశాను. ఎంతమంది పిల్లల గొంతు నొక్కానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కొత్త భాషలో కబుర్లు చెప్పడం రెండేళ్లలో వచ్చినా, చదువుకు కావలసిన భాష పట్టుబడటానికి కనీసం ఐదేళ్లు పడుతుందని టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు జిమ్ కమిన్స్ ఏనాడో చెప్పారు. ఒక భాషలో నేర్చిన నేర్పు రెండోదానికీ అక్కరకొస్తుందనీ అన్నారు. మరి ఆ ఐదేళ్లూ పిల్ల తన మనసులోది ఎక్కడ చెప్పుకోవాలి? విద్య పిల్లల భాషను గౌరవించాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 29వ అధికరణం చెబుతోంది. ఆ గౌరవం నోటుపుస్తకంలో కనబడాలి.

వారానికి ఒక్క పీరియడు మార్కులు లేని రాతకు కేటాయించండి. మొదటి చిత్తుప్రతిని పిల్లలు తమకు నచ్చిన భాషలో, రెండూ కలిపి అయినా, రాసుకోనివ్వండి. కథలో కావాలని వాడిన ఇంటి మాటను తప్పుగా లెక్కించవద్దని మూల్యాంకన నిబంధనల్లో స్పష్టంగా రాయించండి. ఇది లేకపోతే మిగతావి నిలవవు, ఎందుకంటే ఉపాధ్యాయులు కూడా మార్కులకే భయపడతారు.

ఆ అమ్మాయి, తల్లిదండ్రుల అనుమతితో కథ నకలును మీకు పంపుతున్నాను. అమ్మమ్మ మాటలకు అర్థాలు రాయలేదు. మీరు అడిగితే తనే చెబుతానంది.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు