ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా సంగతి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. "ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా దొరికిందట కదా సార్, తెచ్చి మన ఊరి చెత్తకుప్ప మీద చల్లేస్తే పోలా?" అని మీ క్లాసు పిల్లలు అడిగారన్నావు. ఎంత మంచి ప్రశ్నరా! ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నా.

దొరికిన మాట నిజమే. జపాన్‌లో ఒసాకా పక్కన సకాయ్ అనే ఊళ్లో, పెట్ (నీళ్ల బాటిళ్లు చేసే ప్లాస్టిక్) బాటిళ్ల రీసైక్లింగ్ ప్లాంటు దగ్గర శాస్త్రవేత్తలు మట్టి, బురద, మురుగునీరు అన్నీ కలిపి 250 నమూనాలు తీశారు. వాటిలో పల్చటి పెట్ ఫిల్మ్ వేసి చూస్తే, ఒక నమూనాలో సూక్ష్మజీవులు ఆ ఫిల్మ్‌ని అంటిపెట్టుకుని తినేస్తున్నాయి. వాటిలోంచి అసలు బ్యాక్టీరియాని వేరుచేసి, 2016లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. పేరు ఇడియొనెల్లా సకాయెన్సిస్.

అది తినే తీరు పిల్లలకి తప్పకుండా చెప్పు. పెట్ అణువు పూలదండలాంటిది, వరసగా ముడులుంటాయి. ఆ ముడుల్ని ఎస్టర్ బంధాలంటారు. బ్యాక్టీరియా బయటికి వదిలే పెటేజ్ అనే ఎంజైమ్ సరిగ్గా ఆ ముడుల దగ్గరే తెంపుతుంది. రాలిన ముక్కల్ని మెటేజ్ అనే ఇంకో ఎంజైమ్ టెరెఫ్తాలిక్ యాసిడ్, ఇథిలీన్ గ్లైకాల్ అనే చిన్న అణువులుగా విడగొడుతుంది. బ్యాక్టీరియాకి తిండి అదే. 30 డిగ్రీల వేడిలో ఆ ఫిల్మ్ ఆరు వారాల్లో దాదాపు మాయమైపోయింది.

అయితే వాళ్లు వేసింది మెత్తటి ఫిల్మ్. మనం తాగి పడేసే బాటిల్ అలా ఉండదు. దాన్ని సాగదీసి ఊదేటప్పుడు అణువులు గట్టిగా సర్దుకుపోతాయి, ఎంజైమ్‌కి సందు దొరకదు. ఇక మన చెత్తకుప్పలో కనిపించే క్యారీ బ్యాగులైతే అసలు పెట్ ప్లాస్టిక్కే కాదు, పాలిథిన్. అందులో కార్బన్ తర్వాత కార్బన్, అంతే. తెంపడానికి ఒక్క ముడీ లేదు. ఏళ్ల తరబడి ఎండకి పెళుసెక్కి ముక్కలైనా అది పాలిథినే. ఆవుల కడుపులో చేరేది ఆ బ్యాగులే కదా, నా బెంగంతా దాని గురించేరా.

కాబట్టి చల్లితే పోదు. ఫ్యాక్టరీ లోపల మాత్రం ఈ దారి బాగా పనికొస్తుంది. ఆకుల కంపోస్టులో దొరికిన ఇంకో ఎంజైమ్‌ని ఫ్రాన్స్‌లో కార్బియోస్ కంపెనీ, తులూజ్ శాస్త్రవేత్తలు కలిసి మార్చి, ముందే మెత్తబరిచి పొడిచేసిన బాటిళ్ల మీద 72 డిగ్రీల దగ్గర వాడారు. 10 గంటల్లో 90 శాతం విడిపోయింది. వచ్చిన సరుకుతో మళ్లీ బాటిళ్లే చేశారు! ఇది 2020 నాటి మాట. కానీ బాటిళ్లు విడిగా పోగైతేనే అది జరుగుతుంది, కలిసిపోయిన చెత్తతో కుదరదు.

పిల్లలతో ఒక పని చేయించు. స్కూలు తోటలో వేపాకులూ, క్యారీ బ్యాగు ముక్కా, కాగితమూ పక్కపక్కనే పాతిపెట్టించు. వానాకాలం పోయాక తవ్వి చూడమను. ఏది ఎలా ఉందో ఫొటోలు తీసి పంపు, చూడాలని ఉంది.

నీ
ప్రసాద్