2024–25 వార్షిక నివేదిక: సభ్యులకు కార్యదర్శి సమర్పించునది

పాత కార్ల సంఘం సభ్యులందరికీ నమస్కారం. నెలవారీ సమావేశాలు, జనవరి ర్యాలీ ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది రెండు ఆదివారాల హెడర్ (ఇంజన్ పొగ బయటకు పోయే విడివిడి గొట్టాల అమరిక) శిబిరం గురించే.

1489 సీసీ బి-సిరీస్ ఇంజన్ ఉన్న అంబాసిడర్లు మూడు వచ్చాయి. మూడింటిదీ ఒకటే జబ్బు: కాస్ట్ ఐరన్ మేనిఫోల్డ్ (పొగను ఒకచోటికి చేర్చే పోత ఇనుప భాగం) తీసి హెడర్ వేయించాక, ఎడమ టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ముందు సస్పెన్షన్ కడ్డీ) దగ్గర పైపు టకటకా కొట్టుకోవడం. రెండు కార్లకు అంతకుముందే బార్ సర్ది ముందు భాగం ఎత్తు పెంచారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. టార్షన్ బార్ ఉన్నచోటే మెలితిరుగుతుంది, పైకీ కిందికీ ఊగదు. ఊగేది ఇంజన్.

పరీక్ష ఇలా చేశాం. ఇంజన్ చల్లగా ఉండగా, కారు నాలుగు చక్రాల మీద నిలబెట్టి, అనుమానం ఉన్న ప్రతిచోటా గోధుమపిండి ముద్ద అంటించాం. బ్రేకు గట్టిగా తొక్కిపెట్టి ఫస్ట్ గేరులో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి క్లచ్ సగం వదిలాం. ఫస్ట్‌లో ఇంజన్ ఎడమవైపు లేస్తుంది, రివర్స్‌లో దిగుతుంది. నలిగిన ముద్ద మందమే అసలు గ్యాప్. కారు నిలబడి ఉన్నప్పుడు పైపుకీ బార్‌కీ మధ్య 12 మి.మీ. ఉండాలని మనం పెట్టుకున్నాం.

రెండు కార్లలో దోషం హెడర్‌ది కానే కాదు. ఆయిల్ కారి మెత్తబడి, అణిగిపోయిన మౌంటింగ్ రబ్బర్లది (ఇంజన్ కూర్చునే రబ్బరు దిమ్మలు). జత మార్చగానే గ్యాప్ వచ్చింది. ఒక పక్కది మాత్రమే మారిస్తే ఇంజన్ వాలుతుంది. మూడో కారుకు పైపు వంపే తప్పు. పైపులో బాగా ఎండిన ఇసుక కూరి, చివర్లకు బిరడా కొట్టి, ఎర్రగా కాల్చి, గుండ్రటి రాడ్‌తో నొక్కాం. తడి ఇసుకైతే ఆవిరికి బిరడా ఎగిరిపోతుంది. బార్ మీద మాత్రం గ్రైండర్, గ్యాస్ మంట పెట్టకండి. గీత పడిన చోటే పగుళ్లు మొదలవుతాయి. ఎడమ బార్ కుడికి వేయకూడదు.

ఇంకో సంగతి. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ ఫ్లాంజ్‌లు (గాలి వచ్చే, పొగ పోయే గొట్టాల బిగింపు అంచులు) రెంటినీ పట్టి ఉంచేది ఉమ్మడి వాషర్లే. హెడర్ ఫ్లాంజ్ పలచనైతే వాషర్ వాలి, గాలి లాగుతుంది, ఐడ్లింగ్ నిలవదు. అప్పుడు కార్బురేటర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. లేత్ మీద మెట్టు వాషర్లు (ఒక పక్క మందంగా ఉండి రెండు అంచులకూ సరిపోయేవి) చేయించి బిగించాం. పైపుకు మొదటి బ్రాకెట్ గేర్‌బాక్స్‌కే ఇవ్వాలి, బాడీకి కాదు.

షెడ్డు ఇచ్చిన సభ్యునికి, కూలి తీసుకోని లేత్ మేస్త్రికి, రెండు పూటలా ఉప్మా, టీ పంపిన ఇంటివారికి, పాత వాషర్లు వెతికి తెచ్చిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. పేర్లిచ్చిన పదకొండు మందిలో మొదటి ఆదివారం నలుగురు, రెండో ఆదివారం ఇద్దరు వచ్చారు. మిగిలినవారికి ఫొటోలు మాత్రం కావాలట!

యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021 కేంద్ర మోటారు వాహన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కోరేవారు హెడర్ జోలికి పోవద్దు. ఇంజన్‌లో మార్పులు చేయకూడదన్నది అందులో షరతు. దీనిపై స్పష్టత కోరుతూ రవాణా కార్యాలయానికి మూడు లేఖలు రాశాం. రసీదులు ఉన్నాయి, జవాబు లేదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, కోశాధికారి చదివి వినిపిస్తారు. చందా బాకీలు సభ రోజుకి కట్టగలరు. సంఘం టార్క్ రెంచ్ శిబిరం నుంచి ఎవరింటికో వెళ్లింది. పేరు అడగం, తెచ్చి పెట్టండి చాలు.

— కార్యదర్శి