చెయ్యి అడ్డం పెడితే మాయమైపోయే ఇంగ్లీష్ మాటలు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఫైనల్ పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే చాలు పేపర్లలో "చివరి వారంలో చూసుకోవాల్సిన 500 ఇంగ్లీష్ పదాలు" అని ఓ ఫుల్ పేజీ వస్తుంది కదండీ, ఎడమవైపు ఇంగ్లీష్ మాట, పక్కన తెలుగులో ఒక్కటంటే ఒక్క అర్థం, ఏ నుంచి జెడ్ దాకా వరసగా. ఆ పేజీ గురించే ఈ ఉత్తరం. తిట్టిపోయడానికి కాదులెండి, మొన్నటిదాకా నేనూ దాన్ని కత్తిరించి గోడకి అంటించినదాన్నే.

మా అమ్మాయి ఈసారి హైస్కూల్ ఫైనల్ రాస్తోంది. ఓ రాత్రి ఆ పేజీ పట్టుకొచ్చి "అమ్మా, మొత్తం వచ్చేసింది, కావాలంటే అడుగు" అంది. వరసగా అడిగా, టకటకా చెప్పేసింది, నాకూ సంబరమేసింది. తర్వాత ఎందుకో తోచి వరస తప్పించి మధ్యలోంచి అడగడం మొదలుపెట్టా, అక్కడ బయటపడింది అసలు సంగతి. "రిలక్టెంట్" అన్నా. పైకి చూసింది, కిందికి చూసింది, పెదాలు మాత్రం కదులుతున్నాయి, ఏంటా అని చెవి పెట్టి వింటే "రిఫ్యూజ్, రిగ్రెట్, రిజెక్ట్, రిలక్టెంట్..." అని పైనుంచి మెట్లు దిగినట్టు దిగుతోంది! అంటే దానికి మాట గుర్తు లేదు, పేజీలో ఆ మాట ఉన్న చోటు గుర్తుంది. పింక్ హైలైటర్ కొట్టిన గీత కింద మూడోది, అంతే. రేపు పరీక్ష పేపర్లో ఆ పింక్ గీత ఎవరు గీసిస్తారు?

సరే, మొత్తానికి "ఇష్టం లేని" అని అర్థం చెప్పింది. వాక్యంలో పెట్టవే అన్నా. "ఐ యామ్ రిలక్టెంట్ మ్యాథ్స్" అంది. నవ్వాగలేదు కానీ తప్పు దానిది కాదు కదా, పక్కన అచ్చేసింది "ఇష్టం లేని" అని ఒక్క ముక్క, లెక్కలంటే దానికి ఇష్టం లేదు, అది నమ్మి పెట్టేసింది. ఆ మాట తర్వాత "టు" వచ్చి ఆ వెనక ఒక పని రావాలని, "షీ వాజ్ రిలక్టెంట్ టు స్పీక్" అంటే మాట్లాడటానికి మనసొప్పక వెనకాడిందనీ ఆ పేజీలో ఎక్కడా లేదు.

దీని మీద కొంచెం చదివాక తెలిసిందేంటంటే పిల్లలు అబద్ధం చెప్పట్లేదండీ, వాళ్ళకి నిజంగానే వచ్చేసినట్టు అనిపిస్తుంది. నాలుగుసార్లు చూసిన మాట కళ్ళకి అలవాటైపోతుంది, ఆ అలవాటునే తెలియడం అనుకుంటాం. 2008లో కార్పికీ, రోడిగర్ అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లలకి స్వాహిలీ అనే ఆఫ్రికా భాషలోని 40 మాటలు ఇంగ్లీష్ అర్థాలతో నేర్పించారు. ఒక మాట ఒకసారి సరిగ్గా చెప్పాక కొందరికి దాన్ని మళ్ళీ మళ్ళీ చూపించారే తప్ప మళ్ళీ అడగలేదు, కొందరికి మాత్రం అడుగుతూనే ఉన్నారు. వారం తర్వాత చూస్తే అడుగుతూ పోయినవాళ్ళకి 80 శాతం దాకా గుర్తున్నాయి, ఊరికే చూసుకున్నవాళ్ళకి మూడో వంతు కంటే పెద్దగా లేవు. నాకు అంతకంటే నచ్చిన ముక్క ఇంకోటుంది. మీకు ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారు అని ముందే అడిగితే అన్ని గ్రూపులవాళ్ళూ ఇంచుమించు సగం అనే చెప్పారట! ఎవరికి వస్తుందో ఎవరికి రాదో వాళ్ళకే తెలీదు. ఇక మా అమ్మాయి "వచ్చేసింది" అంటే నేనెలా నమ్మను.

ఇంకో బాధ, ఆ పేజీల్లో దగ్గరి మాటలన్నీ పక్కపక్కనే పెట్టి ఒకేసారి బట్టీ పట్టమంటారు. అఫెక్ట్, ఎఫెక్ట్. బారో, లెండ్. వినడానికి బాగానే ఉంటుంది, జంటలు కదా గుర్తుంటాయి అని. కానీ రెండూ కొత్తవే అయినప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మనకి తెలుగులో రెండింటికీ "అప్పు" అనే మాటే, తీసుకోవడం ఇవ్వడం తేడా అంతే, అందుకని మా అమ్మాయి పరీక్షకి రెండు వారాల ముందు కూడా "కెన్ యూ బారో మీ ఎ పెన్" అంటూనే ఉంది. ముందు బారో ఒక్కటే బాగా నలగనిచ్చి, ఓ వారం పోయాక లెండ్ తెస్తే సరిపోయేది. ఈ సంగతి నాకు లేటుగా తెలిసింది.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది ఎక్కడో తెలుసాండీ, కొత్త మాటల దగ్గర కాదు, మనం తెలుగులో రోజూ వాడే ఇంగ్లీష్ మాటల దగ్గర. మనం "వాడు ఫీల్ అయ్యాడు" అంటే బాధపడ్డాడని. "నాన్న సీరియస్ అయ్యారు" అంటే కోప్పడ్డారని. "సార్, ఒక డౌట్" అంటే ఊరికే ఒక ప్రశ్న. పిల్ల ఇవన్నీ తెలిసిన మాటలే అనుకుని లిస్టులో దాటేస్తుంది, తీరా ఎస్సేలో "మై ఫాదర్ బికేమ్ సీరియస్" అని రాస్తే దిద్దేవాళ్ళు పాపం ఆయనకి ఒంట్లో బాలేదేమో అనుకుంటారో ఏమో. అలాగే మన "మీద", "గురించి" తెచ్చి ఇంగ్లీష్‌కి అతికించడం. నా మీద కోపం అంటాం కాబట్టి "యాంగ్రీ ఆన్ మీ" అని రాస్తారు, అక్కడ విత్ రావాలి. దాని గురించి చర్చించాం అంటాం కాబట్టి "డిస్కస్డ్ అబౌట్" అంటారు, డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు. ఇలాంటివి ఓ యాభై ఏరి తెలుగు పిల్లల కోసమే ఒక పేజీ వేస్తే కత్తిరించి దాచుకుంటాను, ప్రామిస్. ఇంగ్లీష్ పుస్తకాలు రాసేవాళ్ళకి మన తిప్పలు తెలియవు, మీకు తెలుసు కదా.

స్పెల్లింగ్ గోల వేరే. మనకి పలికినట్టు రాయడం అలవాటు, అక్కడేమో అకామడేషన్‌లో రెండు సీలు రెండు ఎమ్‌లు, నెససరీలో ఒకే సీ రెండు ఎస్‌లు. దీనికి చూసి రాయడం కాదు, మూసి రాయడం తప్ప వేరే దారి కనపడలేదు నాకు.

మరి మాటల ఎంపిక సంగతి. మొన్నటి పేజీలో నేనే ఎప్పుడూ వినని మాటలు ఓ పాతిక ఉన్నాయి, కానీ ప్రశ్నపత్రంలోనే కనపడే ఇన్ఫర్, జస్టిఫై, ఇలస్ట్రేట్, కాంట్రాస్ట్ లాంటివి ఒక్కటీ లేదు. పిల్లకి పాఠం వచ్చు, జవాబు వచ్చు, కానీ "వాట్ కెన్ యూ ఇన్ఫర్" అంటే చదివినదాన్ని బట్టి ఏం తెలుస్తోంది అని అడుగుతున్నారని తెలీదు, ఇంక ఎలా రాస్తుంది? చదువుల పుస్తకాల్లో మాటిమాటికీ వచ్చే ఇలాంటి మాటల్ని ఏవరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ న్యూజిలాండ్‌లో ఉండి లెక్కగట్టి 2000లో ఒక లిస్టు ఇచ్చారు, మొత్తం 570 పద కుటుంబాలు, అంటే ఒకే మాట నుంచి పుట్టిన రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం. నేను చెప్పిన నాలుగూ అందులో ఉన్నాయి. ఎలాగూ 500 అచ్చేస్తున్నప్పుడు ఇలాంటి పనికొచ్చే 500 వేయొచ్చు కదా.

ఇప్పుడు మేం చేస్తున్నది చెప్తా, గొప్పకి కాదు. పేజీని చించేసి చిన్న చిన్న కాగితం ముక్కలు చేశాం. ముందువైపు ఖాళీ ఉన్న ఇంగ్లీష్ వాక్యం, వెనకవైపు మాట. మూడు పాత కవర్లు. చెప్పగలిగిన ముక్క తర్వాతి కవర్లోకి పోతుంది, చెప్పలేకపోతే ఎంత పాతదైనా మళ్ళీ మొదటి కవర్లోకే. మొదటిది రోజూ తీస్తాం, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. ఇది నా బుర్రలోది కాదు, సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు 1970ల్లో చెప్పిన పద్ధతే. చూడండి, ఆయనదీ మీ వృత్తే! ఇలా రోజులు ఎడం ఇచ్చి అడగడం ఎందుకంటే నేర్చుకున్నది మొదట్లోనే గబగబా జారిపోతుందని 1885లోనే జర్మన్ సైకాలజిస్టు ఎబ్బింగ్‌హౌస్ తన మీద తనే ప్రయోగం చేసుకుని చూపించాడు. చివరి వారంలో 500 మాటలు అన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తున్నాడు ఈ మధ్య.

మొదటి నాలుగు రోజులు మా ఇంట్లో పెద్ద రభస. "ఇంతకుముందు అన్నీ వచ్చేవి, నువ్వు కవర్లు పెట్టాక ఏమీ రావట్లేదు" అని ఏడ్చింది కూడా. నాకూ భయమేసింది, చెడగొట్టానేమో అని. రాకపోవడం ఇప్పుడు కనపడుతోంది అంతే, ఇదివరకు కనపడేది కాదు అని చెప్పి కూర్చోబెట్టా. రిలక్టెంట్ ముక్క నాలుగుసార్లు వెనక్కి వచ్చి ఇప్పుడు మూడో కవర్లో ఉంది.

కాబట్టి ఎడిటర్ గారూ, ఒకే రోజు ఫుల్ పేజీ బదులు పరీక్షలకి రెండు నెలల ముందు నుంచి రోజుకి ఎనిమిది మాటలు వేయండి, ఖాళీ ఉన్న వాక్యాలతో. జవాబులు అదే పేజీలో తలకిందులుగా వేయొద్దు, పిల్లలు పేపర్ తిప్పేస్తారు, నేనే తిప్పేస్తాను. మర్నాటి పేపర్లో వేయండి. నాలుగో రోజు మొదటి రోజు మాటల్లో రెండు మళ్ళీ అడగండి, చెప్పకుండా. చోటు ఎక్కువ కూడా పట్టదు, రాశిఫలాల పక్కన సరిపోతుంది.

ఇట్లు,
పరీక్ష రాయబోయే ఓ అమ్మాయి తల్లి