పాటల్ని సినిమా లెక్కలో కలపవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ పత్రిక సినిమా పేజీలో వచ్చే సమీక్షలను నేను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. కథ గురించి, కథనం గురించి, నటీనటుల గురించి మీ సమీక్షకులు విపులంగానే రాస్తారు కానీ, సంగీతం దగ్గరికి వచ్చేసరికి వారి కలం తొందరపడుతుంది. పాటలు ఫర్వాలేదనో, నేపథ్య సంగీతం బాగుందనో ఒక్క వాక్యంతో సరిపెడతారు. సినిమా బాగాలేక పాటలు బాగున్నప్పుడు మాత్రం మరో వాక్యం చేరుతుంది: సంగీత దర్శకుడి శ్రమ బూడిదలో పోసిన పన్నీరైందని. ఈ మధ్య ఒక సమీక్షలో మళ్లీ అదే మాట కనిపించింది. అందులో జాలి ఉందేమో గానీ న్యాయం లేదన్నది నా అభిప్రాయం.

'లవకుశ' తీసిన లలితా శివజ్యోతి సంస్థే 1967లో 'రహస్యం' తీసింది. వేదాంతం రాఘవయ్య దర్శకుడు. అక్కినేని, ఎస్వీ రంగారావు వంటి హేమాహేమీలు నటించారు. భారీగా ఖర్చు పెట్టిన ఆ చిత్రం ఆడలేదు. దాని కథ ఏమిటో చెప్పగలిగినవారు ఈనాడు మా కడపలో అరుదు. కానీ అందులో మల్లాది రామకృష్ణశాస్త్రి రాసిన 'గిరిజా కల్యాణం' యక్షగానాన్ని, 'అంబా పరాకు' అన్న ఎత్తుగడ దగ్గర నుంచి చివరిదాకా, ఎక్కడ రాగం మారుతుందో ఎక్కడ గొంతు మారుతుందో ముందే తెలిసినట్టు వినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఘంటసాల స్వరపరచిన పాటలన్నింటిలో దానిది ప్రత్యేక స్థానమని నేననుకుంటాను. 1965లోనే కన్నుమూసిన మల్లాది ఆ సినిమా ఓటమిని చూడలేదు. ఆయన రాసినదానికి మాత్రం ఆ ఓటమి అంటలేదు. పన్నీరు బూడిదలో పోయి ఉంటే అరవై ఏళ్లకు దగ్గరపడుతున్నా దాని వాసన ఎలా వస్తుంది?

ఇలాంటి పాటలను బతికించింది ముందు రేడియో, ఆ తరువాత క్యాసెట్లు. పాట వేసే ముందు చిత్రం పేరు, రచన, సంగీతం, గానం చెప్పడం ఆకాశవాణి పద్ధతి. ఆ చిత్రం నూరు రోజులు ఆడిందా, నాలుగు రోజుల్లో రీళ్ల డబ్బాలు వెనక్కి వెళ్లాయా అన్న ప్రస్తావన అందులో ఉండేది కాదు. 1980లలో కడప ఏడురోడ్ల చుట్టుపక్కల పాటలు రికార్డు చేసి ఇచ్చే దుకాణాలు ఉండేవి. ఖాళీ క్యాసెట్టుతో పాటు కావలసిన పాటల చీటీ ఇచ్చి వస్తే రెండు మూడు రోజులకు తయారయ్యేది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు ఆరేడు పాటలు పట్టేవి. చివర రెండు నిమిషాలు మిగిలితే దుకాణదారు తనకు నచ్చిన పాట ఏదో ఎక్కించి చరణం మధ్యలోనే తెంపేసేవాడు. అట్ట మీద నీలం సిరాతో పాటల మొదటి మాటలు, పక్కన సినిమా పేర్లు వరుసగా రాసి ఇచ్చేవాడు. వంశీ తీసిన 'మహర్షి' 1987 నాటి సినిమా. థియేటర్లలో దాన్ని చూసినవారు తక్కువే. కానీ ఆ తరువాత కొన్నేళ్లపాటు ఆ చీటీల్లో 'మాటరాని మౌనమిది' తప్పకుండా కనిపించేది. ఇళయరాజా పాట కావాలని అడిగినవాళ్లే తప్ప, ఆ సినిమా ఆడిందా అని విచారించినవాళ్లను నేను చూడలేదు.

సినిమా కంటే పాటలు మిన్నగా ఉండడం ఏదో యాదృచ్ఛికంగా జరిగే వింత కాదని నా నమ్మకం. దానికి కారణం సినిమా తయారయ్యే వరుసలోనే ఉంది. మన దగ్గర పాటలు సాధారణంగా చిత్రీకరణకు ముందే పుడతాయి. దర్శకుడు మ్యూజిక్ సిట్టింగ్స్‌లో కూర్చుని సందర్భం వివరిస్తాడు. సంగీత దర్శకుడు బాణీ కడతాడు. కవి దానికి మాటలు పొదుగుతాడు. వాళ్లిద్దరూ అప్పటికి సినిమా చూడలేదు, విన్నారు. నోటితో చెప్పే కథలో డబ్బు చాలకపోవడం ఉండదు, కాల్షీట్లు దొరకకపోవడం ఉండదు, ద్వితీయార్ధం జారిపోవడం అసలే ఉండదు. ఆ చెప్పిన కథకు తగినట్టుగానే వాళ్లు పాట చేస్తారు, తీయగలిగిన కథ మాత్రం తరువాత తెర మీదికి వస్తుంది. అందుకే కొన్ని విఫల చిత్రాల్లో దర్శకుడు మొదట ఊహించిన సినిమా ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే పాటలే వినాలి. నేపథ్య సంగీతం సంగతి పూర్తిగా వేరు. సినిమా కూర్పు (ఎడిటింగ్) ముగిశాక, కళ్ల ముందున్న దృశ్యానికి కొలిచి చేసే పని అది; దాన్ని సినిమాతో కలిపే తూచాలి. ఈ తేడా గుర్తించబట్టే జాతీయ పురస్కారాల్లో పాటలకు, నేపథ్య సంగీతానికి విడివిడిగా బహుమతులు ఇస్తున్నారు. 2023లో ప్రకటించిన పురస్కారాల్లో 'పుష్ప' పాటలకు దేవిశ్రీ ప్రసాద్, 'ఆర్ఆర్ఆర్' నేపథ్య సంగీతానికి కీరవాణి ఎంపికైన సంగతి మీ పత్రికే మొదటి పేజీలో వేసింది. సమీక్షల్లో మాత్రం రెండింటినీ ఒకే వాక్యంలో కుక్కుతున్నారు.

ఒకే బాణీ రెండు సినిమాల్లో రెండు రకాల జాతకాలు చూసిన ఉదాహరణ కూడా ఉంది. 2004లో ఎస్.జె. సూర్య తెలుగులో తీసిన 'నాని' ఆడలేదు. దాదాపు అదే కథతో, తానే కథానాయకుడిగా అదే ఏడాది తమిళంలో తీసిన 'న్యూ' అక్కడ ఆడింది. రెండింటికీ ఏ.ఆర్. రెహమాన్ సంగీతం. రెండింట్లోనూ అమ్మ పాట బాణీ ఒకటే. చంద్రబోస్ తెలుగు మాటలతో వచ్చిన 'పెదవే పలికిన మాటల్లోనే' ఇవాళ మా జిల్లాలో బడి వార్షికోత్సవాల్లో పిల్లలు పాడే పాట. ఏ సినిమాలోదని అడిగితే వాళ్లకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

2010 నాటి 'ఆరెంజ్' సినిమా విషయం మీ పాఠకులకు కొత్త కాదు. నిర్మాత నాగబాబుకు అది తెచ్చిన నష్టం గురించి ఆయనే బహిరంగంగా చెప్పుకున్నారు. 2023లో దాని కథానాయకుడు రామ్‌చరణ్ పుట్టినరోజు సందర్భంగా మళ్లీ విడుదల చేసినప్పుడు ఇక్కడ మా మేనకోడలి పిల్లలతో కలిసి వెళ్లాను. సంభాషణలు నడుస్తున్నంతసేపు హాల్లో సగంమంది ఫోన్లు చూసుకున్నారు. 'నేను నువ్వంటూ' మొదలుకాగానే కుర్రవాళ్లు లేచి నిలబడి పల్లవి అందుకున్నారు. తెర మీది గొంతు వినపడనంతగా పాడారు. వాళ్లు టిక్కెట్టు కొన్నది సంగీత దర్శకుడు హారిస్ జయరాజ్ కోసమేనని నాకు అనిపించింది. సినిమా మీద అభిప్రాయం మారిందని కొందరు రాశారు గానీ, నేను చూసినంతలో మారింది సినిమా మీద అభిప్రాయం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డబ్బు రాని సినిమాలన్నీ పాటల కంటే తక్కువవి కావు. 1988 నాటి 'రుద్రవీణ' వసూళ్లలో వెనకబడింది. అయినా జాతీయ సమైక్యతా చిత్రంగా, ఇళయరాజా సంగీతానికి, బాలసుబ్రహ్మణ్యం గానానికి మూడు జాతీయ పురస్కారాలు అందుకుంది. సిరివెన్నెల రాసిన 'చుట్టూపక్కల చూడరా' ఆ కథలో నుంచి పుట్టి ఆ కథకే బలమిచ్చిన పాట. అలాంటి చిత్రాన్ని 'పాటలు తప్ప ఏమీ లేని' జాబితాలో కలపడం అన్యాయం. అలాగే పాట గొప్పదైనంత మాత్రాన సినిమాలో చక్కగా ఇమిడిందనీ కాదు. రసపట్టు మీదున్న కథను ఆపి విదేశాల్లో పాట పెట్టినప్పుడు సమీక్షకుడు దర్శకుణ్ణి నిలదీయవలసిందే. ఆ మందలింపు దర్శకుడికి చేరాలి గానీ బాణీకి, సాహిత్యానికి కాదు.

చట్టం కూడా పాట ఖాతాను సినిమా ఖాతా నుంచి విడదీసింది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతో పాటు ప్రదర్శించినప్పుడు తప్ప మిగతా వినియోగాలన్నింటిలో పాట రాసినవారికి, స్వరపరచినవారికి రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంది. ఆ హక్కును వదులుకున్నట్టు నిర్మాత సంతకం పెట్టించుకున్నా చెల్లదు. అంటే సినిమా మూడో రోజే ఎత్తేసినా, పాట మోగినన్నాళ్లు కవికి హక్కు ఉంటుంది. హక్కు ఉన్న కవి పేరే శ్రోతకు తెలియకపోవడం విచారకరం. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. రచయిత పేరు లేకుండా ఏ పుస్తకానికీ కేటలాగు కార్డు రాయలేదు. ఇప్పుడు ఫోన్లలో పాటలు వినిపించే యాప్‌లలో హీరో బొమ్మ పెద్దదిగా ఉంటుంది, చాలా పాటలకు రచయిత పేరు వెతుక్కోవాలి, దొరికినా ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా ఉంటుంది. రచయిత పేరు చెప్పడం రేడియో అనౌన్సర్లు పది సెకన్లలో చేసిన పని.

కాబట్టి నా మనవి ఇది. విడుదలైన రోజు సమీక్షలో పాటల విలువ తేల్చవద్దు. ఉదయం ఆట చూసి సాయంత్రానికి రాసేటప్పుడు అది సాధ్యమూ కాదు. అవి సందర్భానికి అతికాయా లేదా అన్నంతవరకే రాయండి. నెలా రెండు నెలలు గడిచాక, సినిమా గొడవ సద్దుమణిగాక, ఆ పాటలను వేరే కూర్చుని విని, రచన ఎవరిది, గానం ఎవరిది, బాణీలో కొత్తదనం ఏమిటి అని తెలిసినవారితో రాయించండి. ఆడని సినిమాల పాటలకు అందులో ముందు చోటివ్వండి, ఎందుకంటే ఆడినవాటి గురించి చెప్పేవారు ఎలాగూ ఉన్నారు. స్థలం లేదంటారేమో. తారల పుట్టినరోజు ఫొటోలకు మీరిస్తున్న జాగాలో సగం చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
కడప