ఓటీ తాళంచెవి

చిన్నమ్మలూ,

"రిటైరవుతున్నావు కదా, మన ఆసుపత్రి గురించి మొదట్నుంచీ చెప్పవే అమ్మా" అని మొన్న ఫోన్లో అడిగావు. ఫోన్లో నావల్ల కాదు. నేను రెండు ముక్కలు చెప్పేలోపు పక్కనుంచి మీ నాన్నగారు అందుకుంటారు, కథ కొబ్బరి రేటు మీదకి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఏడేళ్లు డ్యూటీ రిపోర్టులు రాసిన చెయ్యి, అక్కడక్కడ అలాగే ఉంటుంది, ఏమనుకోకు.

నేను 1989లో చేరేనాటికి అది ఆరు పడకల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కాలవగట్టు మీద పెంకుటిల్లు, ముందు వరండా, వెనక గదిలో రెండు ఇనప మంచాలు. ఆరు పడకలన్నది రిజిస్టర్లో మాట. మిగతా నలుగురూ వరండాలో చాపల మీదే. ఒక డాక్టరుగారు, ఒక కంపౌండరుగారు, ఆయా, నేను. వచ్చేవన్నీ జ్వరాలు, విరేచనాలు, పాముకాట్లు. దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లు నెలకి ఒకరైనా వచ్చేవారు. బోదకాలు సరేసరి. ఆ పురుగు రాత్రిపూటే నెత్తుట్లోకి వస్తుంది కాబట్టి రక్తపూతలు రాత్రిళ్లే తీయాలి. లాంతరు పట్టుకుని వీధి వీధీ తిరుగుతుంటే, "నర్సమ్మగారండీ, దొంగల్లా ఈ వేళప్పుడేంటండీ, ఆయ్" అని అరుగుల మీద నవ్వేవారు. సూది గుచ్చబోతే మటుకు తలుపులేసుకునేవారు.

ముప్పై పడకల ఆసుపత్రి చేస్తామన్నప్పుడు స్థలం ప్రభుత్వం కొనలేదు. ఊళ్లో ఒక కుటుంబం కొబ్బరితోటలోంచి ఎకరం చిల్లర రాసిచ్చింది. చెట్లు కొట్టేరోజున ఆ ఇంటి పెద్దావిడ గొడుగేసుకొచ్చి, ఆఖరి చెట్టు పడేదాకా నిలబడింది. ఏడ్చిందో లేదో తెలీదుగానీ ఎవరితోనూ మాట్లాడలేదు. కట్టుబడి మూడేళ్లు లాగి లాగి పూర్తయింది. పెద్ద పెద్ద వాళ్లొచ్చి రిబ్బన్ కత్తిరించారు.

ఆ భవనంలో అన్నిటికంటే మంచి గది ఆపరేషన్ థియేటరు, అదే ఓటీ. పైన శ్లాబు, గోడకి తెల్ల టైల్సు, హైడ్రాలిక్ టేబులు, నెత్తిమీద గొడుగంత లైటు. చెక్కపెట్టెలో మత్తిచ్చే బాయిల్స్ మెషీన్ కూడా దిగింది. ఆ గది తాళంచెవి నా చేతికిచ్చారు. ఇచ్చాక పదమూడేళ్లపాటు అందులో ఒక్క పెద్ద ఆపరేషను కూడా జరగలేదు.

ఎందుకంటావా? మనలాంటి ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి అప్పటి లెక్క ప్రకారం నలుగురు స్పెషలిస్టులు: సర్జను, ఫిజీషియను, గైనిక్, పిల్లల డాక్టరు. లక్షా ఇరవై వేలమంది జనాభాకి ఆ నలుగురు. మత్తు డాక్టరు ఆ లిస్టులోనే లేడు! సర్జన్ని వేసి మత్తిచ్చేవాణ్ణి వెయ్యకపోవడం ఎలా ఉందంటే, రేవు దాటించే పంటు కొని, దాన్ని నడిపే సరంగుని మర్చిపోయినట్టుంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక, ఆ తర్వాత రాసిన ప్రమాణాల్లో గానీ ఆ పోస్టు చేరలేదు. పోనీ ఆ నలుగురైనా ఉన్నారా అంటే, ఏ ఏడాదీ నలుగురూ ఒక్కసారి ఉన్నట్టు నాకు గుర్తులేదు.

అయినా ప్రతి శనివారం ఆ గది తెరిచేదాన్ని. తడిగుడ్డ పెట్టి తుడవడం, డ్రమ్ముల్లో గుడ్డలు సర్ది ఆటోక్లేవ్ చెయ్యడం, తలుపుసందులకి కాయితాలు అంటించి ఫార్మలిన్ పొగ వెయ్యడం. పర్మాంగనేటు మీద ఫార్మలిన్ పొయ్యగానే బుసబుసమని పొంగుతుంది. ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని బయటికి ఉరకాలి. రాత్రి ఇంటికొచ్చాక కూడా కళ్లమ్మట నీళ్లు కారుతుంటే మీ నాయనమ్మ "ఎవరేమన్నారే నిన్ను" అనేది. ఎప్పుడైనా కుటుంబనియంత్రణ క్యాంపు పెడితే, అక్కడికక్కడ మత్తు ఇంజక్షనుతో జరిగే పని కాబట్టి ఆ టేబులు వాడేవారు. మిగతా రోజుల్లో తాళమే. ఒకసారి ఆడిట్ వాళ్లొచ్చి బాయిల్స్ మెషీన్ పెట్టె విప్పించారు. లోపల రబ్బరు గొట్టాల్ని ఎలకలు కొరికేశాయి. మెషీన్ మీద ప్లాస్టిక్ కవరు కూడా తీసి ఉండలేదు.

ఆ గదికి మొదటి అక్కర తుఫానులో వచ్చింది. 1996 నవంబరు 6. నువ్వు నా కడుపులో ఐదో నెల. సాయంత్రం నుంచే గాలి. చీకటిపడ్డాక వార్డు రేకులు ఒక్కొక్కటే లేచిపోవడం మొదలైంది, రేకు లేచినప్పుడల్లా ఎవరో పెద్ద తెరచాప చింపినట్టు చప్పుడు. శ్లాబు ఉండి, కిటికీలు లేని గది అదొక్కటే. రోగులందర్నీ, వాళ్లతో వచ్చినవాళ్లనీ థియేటర్లోకి తోలాం. ఇరవై ముప్పై మందిమి. ఒక పెట్రోమాక్సు. అంత గోలలోనూ ఇద్దరు కాన్పయ్యారు, ఒకావిడ టేబులు మీద, రెండో ఆవిడ కింద చాప మీద. మీద చోటు ఎవరికివ్వాలని అడిగితే, వెనక కాన్పుకొచ్చిన ఆవిడే "నాకు నాలుగోదండీ, నేను కిందుంటా" అంది. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు నేలకి పడుకుని ఉన్నాయి. రోడ్డు మీద అడుగుకొక చెట్టు. తీరంలో బైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఎంతమంది పోయారో మాకు నాలుగురోజులకి గానీ తెలియలేదు. మొత్తం మీద వెయ్యిమందికి పైనే. చాప మీద పుట్టినవాణ్ణి ఇప్పటికీ ఊళ్లో తుఫానుగాడనే అంటారు, ఆటో తోలుతున్నాడు. నీకు పెట్టె దించిపెట్టేది వాడే.

నీకు రెండేళ్లప్పటి సంగతి ఒకటుంది, ఇదివరకు నీకు చెప్పలేదు. ఒక లంక ఊరి పిల్ల, తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరుగారు చెయ్యిపెట్టి చూసి కాకినాడ రాసేశారు. అప్పుడు యానాం వంతెన లేదు. ఎదుర్లంక రేవులో పంటు రాత్రిళ్లు కదలదు. రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్లేంత వ్యవధి లేదు. నేను కూడా కారెక్కాను. రేవులో ఒక పడవవాణ్ణి లేపి, బతిమాలి, గౌతమి దాటేసరికి తెలవారుతోంది. ఆ పిల్ల బతికింది. బిడ్డ బతకలేదు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం. ఆవేళ శనివారం. ఆయా ఫార్మలిన్ సీసా పట్టుకుని థియేటరు గుమ్మంలో కూర్చుని ఉంది, "తాళం ఇవ్వండమ్మా" అంటూ. ఇచ్చేసి ఇంటికొచ్చి పడుకున్నాను. నా ఉద్యోగంలో శనివారం పని ఎగ్గొట్టింది అదొక్కసారే.

2002లో వంతెన అయ్యింది, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగిగారి పేరు పెట్టారు. 2005 ఆగస్టు 15న 108 వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ. ఈ మూడూ జనానికి మంచివే, నేను కాదనను. కానీ ఆసుపత్రిలో ఉన్నదాన్ని కాబట్టి ఒక మాట చెప్తాను. పంపడం తేలికైనకొద్దీ, పంపేద్దాం అనే బుద్ధి కూడా పెరిగింది. కొంచెం కష్టం కాన్పు రాగానే ఫోను, బండి, కాకినాడ. మా రిజిస్టర్లో "రెఫర్డ్" అన్న ఎర్రసిరా గీతలు వంతెన ముందుకంటే వంతెన తర్వాతే ఎక్కువ. (పాత రిజిస్టర్లు చెదపట్టేముందు లెక్కపెట్టి చూశాను. నువ్వు నవ్వుతావని తెలుసు.)

నువ్వు ఏడో తరగతిలో ఉండగా మారింది. మన దగ్గరున్న ఎంబీబీఎస్ డాక్టరుగారొకరిని పద్దెనిమిది వారాల మత్తు ట్రైనింగుకి పంపారు. స్పెషలిస్టు కాదు, కానీ సిజేరియన్ వరకు మత్తివ్వడం నేర్పుతారు. నువ్వు మత్తు వైద్యంలో ఎండీ చేసినదానివి, ఆ పద్దెనిమిది వారాల చదువంటే నీకు చిన్నచూపుండొచ్చు. నాకు లేదు. ఆయన వచ్చిన మొదటి కేసు రోజు నాకు బాగా గుర్తు. పేషెంటుని పక్కకి తిప్పి, మోకాళ్లు పొట్టకి ముడిపించి, నడుం మీద వేలితో ఎముకల సందు వెతుకుతున్నారు. చెమట ముక్కు చివర దాకా వచ్చి వేలాడుతోంది, తుడుద్దామంటే వంగిన మనిషి కదలడు. సూది దిగింది. సూది లోపలి సన్నతీగ తీశాక నీళ్లలాంటి చుక్క ఒకటి సూది వెనక చివర నిలిచింది. ఆ చుక్క చూసి ఆయన "అమ్మయ్య" అన్నారు, మాస్కులోంచి. పది నిమిషాలకి బిడ్డ ఏడ్చింది. ఆయా బయటికెళ్లి వరండాలో ఉన్నవాళ్లతో "మన థియేటర్లోనే!" అని అరిచింది. బిడ్డ ఆడో మగో చెప్పడం మర్చిపోయింది.

ఆ తర్వాతంతా గబగబా జరిగినట్టే అనిపిస్తుంది. రక్తం నిల్వ చేసే ఫ్రిజ్, బిడ్డలకి వార్మర్లు, మత్తు డాక్టరు పోస్టు, అందులోకి నిజంగా ఒక మనిషి. కోవిడ్ రెండో అలలో, నువ్వు హౌస్ సర్జన్సీ ముగించి ఇంటికి రాలేకపోయిన రోజుల్లో, కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లల్లో పనిచేసుకునే మన ఊరి ఆడపిల్లలు తలా కొంత పోగేసి ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు పంపారు. దాతల బోర్డు మీద వాళ్ల పేర్లు రాయిద్దామంటే వద్దన్నారు, అక్కడ తెలిస్తే ఇంకా డబ్బులున్నాయనుకుంటారని. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి లంకలన్నీ మునిగితే, నెలలు నిండినవాళ్లని ముందే పడవల్లో తెచ్చి మన వార్డులో ఉంచాం. వాళ్లలో సిజేరియన్లు పడ్డవాళ్లెవర్నీ ఎటూ పంపలేదు. ఆ వారం రెఫర్డ్ కాలమ్ ఖాళీ. ఆ పేజీ ఫోటో తీసి దాచుకున్నాను.

అన్నీ బాగున్నాయని కాదు. స్కానింగ్ మెషీన్ పాడైతే బాగుచేసేవాడు నెలకి గానీ రాడు. బాత్రూముల సంగతి నీకు తెలుసు. ఇంకా నడుం మత్తంటే ఆడవాళ్లకి భయమే, ఇరవై ఏళ్ల తర్వాతొచ్చిన నడుంనెప్పికి కూడా దాన్నే తిడతారు. వాళ్లకి ఏం చెప్పాలో ఈసారి ఫోన్లో చెప్పు. నేను చెప్తే "మీరు నర్సమ్మగారు కాబట్టి అలాగే అంటారు" అంటున్నారు.

ఇప్పుడున్న మత్తు డాక్టరుగారికి బదిలీ అయింది, వచ్చేనెల మొదట్లో వెళ్లిపోతున్నారు. ఆ సంగతి నీకు రాయకూడదని అనుకున్నాను. అనుకుంటూనే రాశాను. నీకు హైదరాబాద్‌లో వాళ్లిస్తామంటున్న జీతం మీ నాన్నగారు నాలుగుసార్లు చెప్పారు, నాకు గుర్తుంది. నువ్వు వచ్చినా రాకపోయినా నెలాఖరున నేను అప్పగింతలు చెయ్యాల్సిందే. స్టాకు పుస్తకంలో ఓటీ తాళంచెవులు రెండు అని ఉంది. రెండోది, నా చేతికి మొదటిది ఇచ్చిననాటి నుంచీ ఎక్కడుందో తెలీదు. నిన్న బీరువా వెనకాల కూడా వెతికాను.

గురువారం బస్సుకి పనసపొట్టు, కొత్తావకాయ పంపిస్తున్నాను. పొట్టు అందగానే ఫ్రిజ్‌లో పెట్టు, కిందటిసారిలా హాస్టల్ గదిలో వదిలేసి నల్లబడిందని ఫోన్ చెయ్యకు.

అమ్మ