విరిగిన గడియ

చిట్టితల్లీ,

నిన్న ఫోనులో నీ గొంతు వింటే ఏ రాజ్యమో చేజారిపోయిందేమో అనుకున్నాను. తీరా అడిగితే బస్సు తప్పింది, సంచి జిప్పు ఊడింది, ఇయర్‌ఫోన్ల తీగ చిక్కుపడింది. మొదటి రెండింటికీ నా దగ్గర మందు లేదు. మూడోదాంట్లో మాత్రం నీ తప్పేమీ లేదు. కాలిఫోర్నియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక దారాన్ని పెట్టెలో వేసి గిరగిరా తిప్పారు. ఒకటీ రెండూ కాదు, 3,415 సార్లు. కొన్ని సెకన్లలోనే దానంతట అదే ముడిపడగలదని 2007లో తేల్చారు. మరుసటి ఏడాది వాళ్లకు ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. ముందు నవ్వించి, ఆ తర్వాత ఆలోచనలో పడేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. చిన్నప్పుడు నీ జడ చిక్కు తీస్తూ మీ అమ్మ తిట్టిన తిట్లన్నీ నిజానికి భౌతికశాస్త్రానికి తగలాలి.

సరే, నా సంగతి విను. మొన్న ఆదివారం నేను బాత్రూములో ఉండగా గడియ పిడి విరిగి చేతిలోకి వచ్చింది. గడియ మాత్రం వేసినచోటే ఉంది. వడ్రంగి గంటలో వస్తానన్నాడట. తువ్వాలు చుట్టుకుని ఆ గడియ చేసినవాణ్ణీ, కొన్నవాణ్ణీ (అది నేనే) తిట్టుకుంటూ నిలబడ్డాను. ఇంతలో అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడు. మీ అమ్మ స్థిమితంగా కూర్చుని గొంతు సవరించుకుంది.

"27 ఏళ్లుగా మీతో కొన్ని మాటలు చెప్పాలనుకుంటున్నాను. మొదలుపెట్టగానే మీకు బయట ఏదో పని గుర్తొస్తుంది. ఇవాళ ఎక్కడికి వెళ్తారో నేనూ చూస్తాను."

ఎక్కడికి వెళ్లను? విన్నాను. కాసేపటికి తలుపు కింది సందులోంచి ఒక కాగితం జరుగుతూ లోపలికి వచ్చింది. కరెంటు బిల్లు. కట్టేశానని నేను పోయిన వారమే చెప్పిన బిల్లు! నాకు నవ్వు ఆగలేదు. అవతల ఆవిడకూ ఆగలేదు. వడ్రంగి వచ్చేసరికి ఇద్దరికీ కళ్ల వెంట నీళ్లు. ఈ ఇంట్లో ఏం జరిగిందోనని అతను కంగారుపడ్డాడు.

నవ్వు గురించి ఏళ్లపాటు పరిశోధించిన రాబర్ట్ ప్రొవైన్ లెక్క ప్రకారం, ఒంటరిగా ఉన్నప్పటి కంటే పక్కన మనుషులున్నప్పుడు మనం 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాం. అదీ జోకులకు తక్కువేనట, "సరే, మళ్లీ కలుద్దాం" లాంటి చప్పటి మాటలకే ఎక్కువట. లోపల ఒక్కణ్ణే ఉన్నంతసేపూ నాకు తిట్లే ఎందుకు వచ్చాయో అప్పుడు అర్థమైంది.

అన్నిటికీ నవ్వమనడం లేదమ్మా. మనసు నిజంగా విరిగినప్పుడు ఎవరైనా నవ్వుతూ ఉండమంటే నాకే ఒళ్లు మండుతుంది. నేను చెప్పేది జిప్పుల స్థాయి కష్టాల గురించే. అవి వచ్చిన రోజు నిన్నటిలాగే ఫోను చెయ్యి. కాకపోతే ఈసారి జిప్పు ఎక్కడ, ఎవరి ఎదుట ఊడిందో వివరంగా చెప్పు. నిన్న అసలు సంగతి దాటేశావు.

ఇక్కడ కొత్త గడియ బిగించారు. బయటివైపు కూడా ఒకటి పెట్టమని మీ అమ్మ వడ్రంగితో చెబుతుంటే నా చెవిన పడింది.

మీ నాన్న